చెంబెడు నాచారం నీళ్లు

తారామణిని పోయినవారం ఎక్కడ వదిలి వచ్చామో గుర్తుందిగా? యూనివర్సిటీ రియాక్టర్ భవనంలో, కాగితం మీద నిటారుగా లేచి నిలబడ్డ ఒక గీత ముందు. ఆ గీత పేరు ఆర్సెనిక్. మన పెద్దవాళ్లు పాషాణం అనేవారే, అదే. అది ఉన్నది నాచారం బస్తీలో వెంకటనర్సమ్మ ఇంటి బావి నీళ్లలో. ఏడాది కిందట తారామణి నలుగురి ముందూ చెంబెత్తి తాగి, "నిక్షేపంలా ఉన్నాయి, తాగండి" అన్న నీళ్లలో.

పోయినవారం పత్రిక పక్కింటివాళ్లు పట్టుకుపోయినవాళ్ల కోసం ఇంకో నాలుగు మాటలు చెప్పాలి. కిందటేడు, అంటే ఎనభై ఆరులో, రష్యాలో అణుకేంద్రం పేలిందని టీవీలో చూశాక, నాచారం, ఉప్పల్, రామంతాపూర్ బస్తీల జనం మన యూనివర్సిటీ చిన్న రియాక్టర్ వంక అనుమానంగా చూడటం మొదలుపెట్టారు. బావుల్లోకి విషం దిగిందన్నారు. బావులు మానేసి బిందెలతో మునిసిపాలిటీ నల్లా దగ్గర వరస కట్టారు. ఆ భయం పోగొట్టే పని డైరెక్టర్ నరసింహమూర్తి గారు తారామణికి అప్పగించారు. ఏడాది పొడుగునా ఆవిడ బడుల్లో ఉపన్యాసాలిచ్చింది, ఆదివారాలు జనాన్ని పిలిచి నీళ్ల కొలనులో నీలంగా వెలిగే రియాక్టర్ చూపించింది, పన్నెండు బస్తీల బావుల నీళ్లు పరీక్ష చేసింది. నీళ్లలో రేడియేషన్ లేదు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ ఆవిడ బస్తీలో నిలబడి అన్న మాట "నీళ్లలో రేడియేషన్ లేదు" అని కాదు, "నీళ్లలో ఏమీ లేదు" అని.

ఆ తేడా తారామణికి తెలియదా? తెలుసు. పదిహేనేళ్లు చదివిన చదువు అదేగా. కానీ ఎదురుగా వందమంది నిలబడి "తాగాల్నా వద్దా చెప్పుమ్మా" అంటుంటే, మనిషికి ఒక్క ముక్కలో మంచిమాట చెప్పాలనిపిస్తుంది. చెప్పేసింది.

అక్కడితో ఆగినా ఒక పద్ధతి. తర్వాత ఆవిడ పన్నెండు బావుల నీళ్లలో ఇంకా ఏమేం పదార్థాలున్నాయో కూడా చూద్దామనుకుంది. నీటిచుక్కలు ఎండబెట్టి రియాక్టర్‌లో పెట్టి తీస్తే, అందులో ఉన్న ప్రతి పదార్థమూ తన గీత తానే గీసి చూపెట్టుకుంటుంది. అయితే ముందుగా ఏమీ లేని నీళ్లు ఒక సీసాలో పెట్టి చూడాలి. అందులో కనబడ్డదంతా సీసాదీ యంత్రానిదీ అని, మిగతా లెక్కల్లోంచి తీసేయాలి. ఏమీ లేని నీళ్లు కావాలంటే మరిగించి, ఆవిరి చల్లార్చి బట్టీ పట్టిన నీళ్లు కావాలి. బట్టీ పట్టే యంత్రంలో ఆ ఆవిరి చల్లార్చే గాజు గొట్టపు చుట్ట పగిలింది. కొత్తది కావాలని రాసిన కాగితం ఆఫీసులో ఏ బల్ల మీద పడుకుందో ఏమో, పదకొండు నెలలు లేవలేదు. పని ఆపడం ఇష్టంలేక తారామణి ఏం చేసిందయ్యా అంటే, అప్పటికే "శుభ్రం" అని తేల్చిన వెంకటనర్సమ్మ బావి నీళ్లు పెద్ద క్యానులో తెప్పించి, అవే ఏమీ లేని నీళ్లనుకొని వాడింది.

పోయిన సోమవారం గాజు చుట్ట వచ్చింది. మంగళవారం మొదటిసారి నిజంగా ఏమీ లేని నీళ్ల పక్కన నాచారం నీళ్లు పెట్టి చూసింది. గీత లేచింది. ఏడాదిపాటు ఆ గీత ప్రతి లెక్కలోనూ ఉంది. ప్రతి లెక్కలోంచీ తన చేత్తో తనే తీసేస్తూ వచ్చింది. మిగతా పదకొండు బావులూ ఎంత మంచివో, ఎంత చెడ్డవో ఇప్పుడు దేవుడికి కూడా తెలియదు.

ఇక ఈ వారం సంగతి.

బుధవారం పొద్దున్నే తారామణి ఆ కాగితం పట్టుకొని డైరెక్టర్ గదిలోకి వెళ్లింది. నరసింహమూర్తి గారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, ఆ మాట నేను ముందు భాగాల్లోనూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. ఇరవై ఏళ్లు ఆ రియాక్టర్ కోసం ఢిల్లీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి. మర్నాడు గురువారం వార్షికోత్సవం. పన్నెండు బస్తీల నుంచి జనం వస్తున్నారు, బడిపిల్లలు వస్తున్నారు, పత్రికలవాళ్లు వస్తున్నారు. ఏడాది నివేదిక అచ్చై, అట్టలు కట్టి, ఆయన బల్ల పక్కనే పేర్చి ఉంది. అందులో ఇరవై మూడో పేజీలో తారామణి చెంబెత్తి నీళ్లు తాగుతున్న ఫోటో ఉంది.

ఆయన చెప్పినదానిలో తప్పు పట్టడం కష్టం. ఈ పాషాణం రియాక్టర్‌లోంచి రాలేదు, ఎక్కడినుంచి వచ్చిందో ముందు తేలాలి. రేపు మైకులో నీళ్లు మంచివి కావంటే జనం చెవికి ఆర్సెనిక్ అన్న మాట ఎక్కదు, రియాక్టర్ అన్న మాటే ఎక్కుతుంది. ఎల్లుండికి గేటు ముందు ధర్నా, నెల తిరిగేసరికి గేటుకు తాళం. అసలు ఆ గీత పట్టిచ్చింది ఈ రియాక్టరే కదా, అది మూతపడితే రేపు ఇంకో బావిలో విషం ఎవరు పట్టుకుంటారు?

"ఒక్కరోజు ఓపిక పట్టమ్మా," అన్నారాయన చివరికి. "శుక్రవారం పొద్దున నేనే నీతో వస్తాను. ఇద్దరం ఇంటింటికీ వెళ్లి చెబుదాం."

తారామణి సరేనని తల ఊపింది. బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాక ఆవిడకి సిగ్గనిపించింది. తల ఊపినందుకు కూడా కాదు, ఊపేటప్పుడు ప్రాణం హాయిగా అనిపించినందుకు. ఒక్కరోజు. ఒక్కరోజుకి ఏమవుతుంది? అప్పుడు గుర్తొచ్చింది. వెంకటనర్సమ్మ కోడలు కౌసల్యకి ఆరో నెల.

మూడు గంటలకి సెలవు చీటీ రాసి పెట్టి నాచారం బస్సెక్కింది.

ఆషాఢమాసం. బోనాలు దగ్గరపడ్డాయని బస్తీలో గోడలకు సున్నాలు వేస్తున్నారు. మబ్బు పట్టి వాన పడక ఉక్క పోస్తోంది. కార్ఖానాల వెనక సందులోకి తిరిగేసరికి తారామణి జాకెట్టు చెమటకు తడిసి వీపుకి అంటుకుంది. ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. ముందు క్షేమసమాచారాలు అడగాలి, తర్వాత నెమ్మదిగా, ఇంకో పరీక్ష చేశామని మొదలుపెట్టాలి. అన్నీ సర్దుకుంది గాని, ఇంటికి వచ్చిన మనిషికి ముందు నీళ్లిస్తారన్న సంగతి మాత్రం మరిచిపోయింది.

వెంకటనర్సమ్మకి యాభై దాటాయి. పొద్దున్నే ఉప్పల్ చౌరస్తాలో కూరగాయల గంప దించి, మధ్యాహ్నం దాకా తక్కెడ పట్టుకొని కూర్చునే మనిషి. అప్పుడే ఇల్లు చేరి గంప బోర్లించి ఆరబెడుతోంది. తారామణిని చూసి మొహం విప్పారింది. మంచం వాల్చింది. లోపలికి పోయి ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చింది, బావిలోంచి అప్పుడే చేదినవి, చెంబు బయట చెమ్మ పట్టి ఉంది.

"రా బిడ్డా, ఎంత చెమటలు వట్టినయో సూడు. జర నీళ్లు తాగు, పానం సల్లవడుతది."

అదే చెంబు. ఇరవై మూడో పేజీలో ఉన్న చెంబు. తారామణి చేతిలోకి తీసుకుంది. తీసుకొని అలాగే కూర్చుంది. కాసేపటికి దాహంగా లేదమ్మా అని మంచం పక్కన కింద పెట్టింది.

వెంకటనర్సమ్మ చెంబు వంక చూసింది, చెమట కారుతున్న మొహం వంక చూసింది. ఎన్ని ఇళ్ల గడపల్లో ఎన్నేళ్లుగా చూసిన సంగతో అది. చేతి నీళ్లు ముట్టనివాళ్లు ఇలాగే దాహం లేదంటారు. కిందటేడు ఈ ఆఫీసరమ్మ అడిగి మరీ తాగిందని, బస్తీ అంతా నెలరోజులు చెప్పుకున్నారు. నీళ్లు మంచివన్నందుకు కాదు, తమ చెంబుతో తాగినందుకు.

"మీటింగులున్న దినమే మా చేతి నీళ్లు వనికొస్తయా మేడమ్?" అంది.

బిడ్డా పోయి మేడమ్ వచ్చింది. చెంపదెబ్బ కొట్టినా అంత తగలదు. తారామణి కంగారుగా లేచి, అది కాదమ్మా, అది కాదు అంటూనే ఉంది, సరిగ్గా అప్పుడే గడపలోకి వచ్చిన కౌసల్య, అత్త మొహం చూసి ఏమైందో తెలియక, చేతిలో ఉన్న గ్లాసు నోటిదగ్గరికి ఎత్తింది.

"తాగకు కౌసల్యా!"

సందులో సున్నం వేస్తున్నవాళ్లు కూడా ఆగి చూశారు. కౌసల్య గ్లాసు పట్టుకొని అలాగే బిగుసుకుపోయింది.

ఇక దాచడానికి ఏముంది? తారామణి చెప్పేసింది. కూడబలుక్కున్నది ఒక్కటీ గుర్తులేదు. పాషాణమనే చెప్పింది. ఒక చెంబుతో మనిషి చచ్చిపోడనీ, రోజూ తాగితే ఏళ్ల మీద ఒంట్లో పేరుకుని అరచేతులు కాయలు కాస్తాయనీ, కడుపులో బిడ్డకి మరీ మంచిది కాదనీ చెప్పింది. రియాక్టర్‌కీ దీనికీ సంబంధం లేదని కూడా చెప్పబోయి, ఆ మాట నోట్లోనే మింగేసింది. ఇప్పుడు ఆ మాట ఎవరి కోసం?

వెంకటనర్సమ్మ ఏడవలేదు, అరవలేదు. గంప పక్కన కూర్చుని, బేరం తేలనివాళ్లని చూసినట్టు చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. పోయినేడు పరీక్ష చేసిన్నంటివి కదా అంది. చేశాను, రేడియేషన్ ఒక్కటే చూశాను అంది తారామణి. తర్వాత కూడా సీసాల్లో తీస్కపోయిన్రు కదా, గప్పుడు కనవడలేదా అంది. అప్పుడు తారామణి ఏమీ లేని నీళ్ల సంగతి చెప్పాల్సి వచ్చింది. ఎలా చెప్పాలో తెలియక తడబడుతుంటే వెంకటనర్సమ్మే అందుకుంది.

"అంటే మా బావి నీళ్లనే తూకం రాయి జేసి, అందరి బావులు తూచినవ్."

తారామణి అవునంది.

"రాయిలనే ఖోట్ ఉన్నది."

అవునంది మళ్లీ, దోషం రాయిలోనే ఉందంది. ఇద్దరు ప్రొఫెసర్లకి చెప్పినా అరగంట పట్టే సంగతి అది.

"ఉప్పల్ల నేను గట్ల తూస్తే తక్కెడ గుంజుకొని కొడ్తరు మేడమ్," అంది వెంకటనర్సమ్మ. గొంతు పెంచలేదు. "పండుగకు పావుసేరు వంకాయ తక్కువైతెనే వదలరు."

లోపల్నించి కనకరాజు వచ్చాడు. వెంకటనర్సమ్మ భర్త, కార్ఖానాలో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాడు, మాటలకి లేచాడు. ఆయన రెండు అరచేతులూ చాపి చూపించాడు. ఆనికాయల్లాంటి గట్టి బుడిపెలు అరచేతుల నిండా ఉన్నాయి. మిషన్ హ్యాండిల్ ఒత్తుకొని అయ్యాయనుకున్నాడట ఇన్నేళ్లూ. "పోయినేడు నల్లానీళ్లు తాగిన నాలుగు నెలలు గివి జర మెత్తవడ్డయి మేడమ్. మల్ల గట్టివడ్డయి. ఎందుకో సమజ్ గాలే," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. డాక్టరుకి చెప్పుకున్నట్టు చెప్పాడు. కోపగించుకున్నా బాగుండేది.

తారామణికి అప్పుడు అర్థమైంది అసలు సంగతి. లెక్క తప్పింది సరే, ఎవరికైనా తప్పుతుంది. కానీ వీళ్లు ఒక దండగ భయం పట్టుకొని, లేని రేడియేషన్‌కి జడిసి, తెలియకుండానే విషం లోంచి బయటపడ్డారు. నాలుగు నెలలు బిందెలు మోసి బతికారు. తను వచ్చి, సైన్సు చెప్పి, ధైర్యం చెప్పి, మళ్లీ దానిలోకే దింపింది. వాళ్ల మూర్ఖత్వమే వాళ్లని కాపాడుతుంటే, తన చదువు అడ్డం వచ్చింది.

ఆ మాట తను అనలేకపోయింది. వెంకటనర్సమ్మ అంది.

"మేం భయపడి బంద్ జేసినం. నువ్వొచ్చి తాపినవ్."

తారామణి తల వంచుకుంది. ఏడుపు వచ్చింది గాని, ఏడిస్తే మళ్లీ వీళ్లే ఊరుకోబెట్టాలి, ఆ పని కూడా వీళ్ల నెత్తినే పెట్టడం ఎందుకని పళ్లు బిగించి ఆపుకుంది. తప్పు నాదేనమ్మా, క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు, అంది. వెంకటనర్సమ్మ లేచి బావి దగ్గరికి పోయింది. బొక్కెన పైకి లాగింది, చేంతాడు ముడి విప్పి చుట్ట చుట్టింది, రెండూ తెచ్చి ఇంట్లో మంచం కింద పడేసింది. కౌసల్య చేతిలో గ్లాసు తీసుకొని సందులో కుమ్మరించింది. కొంగు నడుముకు చెక్కి, బిందె చంకన పెట్టుకొని నల్లాకు పోవడానికి సిద్ధమై, అప్పుడు మళ్లీ తారామణి ముందు ఆగింది.

"మావి అయినయి. మిగిలిన పదకొండు బస్తీలు?"

శుక్రవారం డైరెక్టర్ గారూ నేనూ కలిసి వెళ్లి చెబుతామంది తారామణి. రేపు వార్షికోత్సవం అయిపోయాక, అని కూడా అంది. ఆ మాట తన చెవికే ఎలాగో వినబడింది.

"రేపు నీళ్లు మంచిగున్నయని స్టేజీ మీద నాతోని చెప్పిస్తమని మీ సారు కబురు వంపిండు. జీపు కూడ వంపుతడట," అంది వెంకటనర్సమ్మ. "వస్త. గీ చెంబుతోనే వస్త. మంది ముంగట నీ చేతికిస్త. తాగుతవా, చెప్తవా, నువ్వే సూస్కో."

బిందెతో సందులోకి వెళ్లిపోయింది. మంచం పక్కన చెంబు నిండుగానే ఉంది.

గురువారం తొమ్మిదిన్నరకల్లా రియాక్టర్ భవనం ముందు షామియానా నిండిపోయింది. బస్తీకో వరస చొప్పున జనాన్ని కూర్చోబెట్టారు. వెనక బడిపిల్లలు చేతుల్లో రంగు అట్టల నివేదికలతో విసురుకుంటున్నారు. మూడో వరసలో కనకరాజు, పక్కన కౌసల్య. తారామణి వేదిక మీద ఆఖరి కుర్చీలో కూర్చుంది. చెప్పాల్సినది నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుంది, ఆ కాగితం పిడికిట్లో చెమటకు మెత్తబడిపోయింది. నిన్న నాచారం వెళ్లానని డైరెక్టర్ గారికి చెప్పలేదు. చెబితే మళ్లీ ఆయన మంచిగా మాట్లాడతారు, మళ్లీ తను తల ఊపుతుంది. ఆ భయంతోనే చెప్పలేదు.

నరసింహమూర్తి గారు అద్భుతంగా మాట్లాడారు. భయం చీకటిలాంటిదన్నారు, దీపం పట్టుకొని ఇంటింటికీ తిరిగిన తారామణి గారిని ఈ సభ అభినందించాలన్నారు. చప్పట్లు మోగాయి. తారామణి లేచి దండం పెట్టి కూర్చుంది, కూర్చుంటూ కౌసల్య వంక చూడలేకపోయింది. తర్వాత ఆయన, మొదట ధైర్యం చేసి బావి నీళ్లు తాగిన బస్తీ తల్లి ఇప్పుడు మన మధ్యకి వస్తోందని పిలిచారు.

వెంకటనర్సమ్మ మెట్లెక్కి వచ్చింది. తెల్లచీర, నుదుటన పెద్దబొట్టు, రెండు చేతుల్లో చెంబు, దాని మీద మూతగా చిన్న పళ్లెం. ఎవరివంకా చూడకుండా నేరుగా తారామణి కుర్చీ వైపు నడిచింది. తారామణి లేచి నిలబడింది. చెబుతాను, అనుకుంది. చెంబు చేతిలోకి తీసుకొని, మైకు ముందుకు వెళ్లి, నాలుగు వాక్యాలూ చెప్పేస్తాను.

అంతలో మధ్యలోకి ఒక చెయ్యి వచ్చింది.

"ఎప్పుడూ తారామణి గారేనా తాగేది? ఈసారి నా వంతు," అన్నారు నరసింహమూర్తి గారు నవ్వుతూ, వెంకటనర్సమ్మ చేతిలోంచి చెంబు అందుకుంటూ. పళ్లెం తీసి పక్కన పెట్టారు. జనం ఈలలు వేశారు. ఫోటోగ్రాఫర్ ముందుకు ఉరికాడు.

వెంకటనర్సమ్మ బిత్తరపోయి ఖాళీ చేతులతో నిలబడింది. ఆవిడ లెక్కలో ఇది లేదు. తారామణి లెక్కలోనూ లేదు. ఆయనకి తెలుసు. నిన్న రెండుసార్లు చదివిన మనిషి. ఒక్క చెంబుతో తనకేమీ కాదని కూడా తెలుసు, సాయంత్రం ఇంటికి పోతే నల్లానీళ్లతో కాఫీ తాగుతారు. కానీ ఆ చెంబు ఆయన గొంతులో పడిందంటే, శుక్రవారం ఎవరొచ్చి ఏం చెప్పినా పన్నెండు బస్తీలు నమ్మవు. డైరెక్టరే తాగిండు కదా అంటారు. కిందటేడు తారామణిని చూసి అన్నట్టే. కనకరాజు అరచేతులు ఒళ్లో పెట్టుకొని పైకి చూస్తున్నాడు.

నరసింహమూర్తి గారు తల వెనక్కి వాల్చి చెంబు పైకెత్తారు. అంచు దగ్గర నీళ్లు మెరిశాయి.

"ఆగండి సార్," అంది తారామణి.

మెల్లగానే అంది. కానీ తను ఎప్పుడు వచ్చి మైకు ముందు నిలబడిందో తనకే తెలియదు, మైకు ఆన్‌లో ఉంది. షామియానా చివర కూర్చున్న పిల్లల దాకా ఆ మాట వెళ్లింది. ఈలలు ఆగిపోయాయి. చెంబు గాల్లోనే నిలిచింది.

నరసింహమూర్తి గారు తల దించారు. మొహం మీద నవ్వు చెదరలేదు, కళ్లు మాత్రం బతిమాలుతున్నాయి. చెంబు దించకుండానే మైకు వైపు వంగి, పన్నెండు బస్తీలకీ వినబడేలా అడిగారు.

"ఎందుకమ్మా? ఈ నీళ్లు మంచివని చెప్పింది మీరేగా?"